మనకు రాములమ్మ ఉంది కదా!

ఈ నెల గోంగూర గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. ఇక్కడి వానకీ ఎండకీ కుండీలో దాన్ని ఎలా బతికించుకోవాలో చెప్తానన్నాను. అది వచ్చే నెలకి వాయిదా. ఏమనుకోకండి. మా ఇంట్లో రెండు వారాలుగా ఒక పంచాయితీ నడిచింది, పోయిన ఆదివారమే తెగింది. తెంపిందెవరో చెప్తే నవ్వుతారు. విజయశాంతి.

ముందు పంచాయితీ ఏంటో చెప్తాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. యీషున్‌లో మా ఇంటి దగ్గరి కమ్యూనిటీ క్లబ్‌లో తైక్వాండో క్లాసులు మొదలవుతున్నాయని ఒక కాగితం పట్టుకొచ్చింది. నేను సరే అన్నాను. మావారు ఫోన్‌లోంచి తలెత్తకుండా సరే అన్నారు. అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. జనగామ దగ్గరి పల్లె నుంచి మూడు నెలలు ఉండిపోదామని వచ్చిన మనిషి. ఇంట్లో ఏ విషయంలోనూ అడ్డు చెప్పదు, ఎంఆర్‌టీలో నిలబడాల్సొచ్చినా ఏమీ అనదు. దీన్ని మాత్రం గట్టిగా పట్టుకుంది. "ఆడివిల్ల నలుగుట్ల కాళ్ళు లేపి తన్నుడేంది? మంచిగ డాన్సు నేర్పియ్యరాదు" అంది. మా అమ్మాయి అలిగి అన్నం మానేసింది. (అన్నమే మానేసింది. మైలో తాగింది.)

ఆదివారం సాయంత్రం ముగ్గురం వాయిడ్ డెక్‌లో కూర్చున్నాం. సింగపూర్ చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను, ఇక్కడి ప్రభుత్వ ఫ్లాట్ల బ్లాకుల్లో కింది అంతస్తులో ఇళ్ళు కట్టకుండా ఖాళీగా వదిలేస్తారు. మన ఊళ్ళో రచ్చబండ లాంటిదనుకోండి. పెళ్ళిళ్ళు, చావులు, చెస్ ఆటలు అన్నీ అక్కడే. అక్కడ బల్ల మీద మా ఎదురింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ ఫోన్‌లో పాత సినిమా చూస్తోంది. ఆదివారం ఆవిడకి సెలవు. మా అమ్మాయి ఆమెని 'ఆతే' అంటుంది, వాళ్ళ భాషలో అక్క అని. అత్తమ్మ ఆ పిలుపు మొదటిసారి విన్నప్పుడు "ఈమె నీకు ఎట్ల అత్త అయితదే?" అని వరస లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఫోన్‌లో ఒకాయన, మూతి మీద సన్నటి నవ్వు, ఎదుటివాడి డొక్కలో రెండు చేతులతో టపటపా గుద్దుతున్నాడు. అంత వేగం నేనెప్పుడూ చూడలేదు, కుట్టుమిషన్ నడిచినట్టుంది. మా అమ్మాయి వెళ్ళి ఆతే పక్కన ఇరుక్కుంది. ఎవరాయన అని అడిగితే ఆతే ముఖం వెలిగిపోయింది. ఫెర్నాండో పో జూనియర్. వాళ్ళకి ఎఫ్‌పీజే, ఇంకా ముద్దుగా 'ద కింగ్'.

ఆవిడ చెప్పుకొచ్చింది, నేను అత్తమ్మకి తెలుగులో చెప్పుకొచ్చాను. ఆయన తండ్రి కూడా సినిమా నటుడే, 1951లో పోయాడు. అప్పటికి ఈయనకి పన్నెండేళ్ళు. చదువు మధ్యలో ఆపేసి సినిమా కంపెనీలో కాగితాలు అందించే పనికి చేరాడు, తర్వాత స్టంట్‌మ్యాన్ అయ్యాడు, ఆ తర్వాత హీరో. ఎప్పుడూ పేదవాడి పక్కన నిలబడే పాత్రలే. 1980లో వచ్చిన 'అంగ్ పాందాయ్'లో ఆయన కమ్మరి, ఆకాశం నుంచి రాలిన ఉల్క లోహంతో కత్తి చేసుకుంటాడు. "కమ్మరాయననా హీరో? మంచిగుంది" అని అత్తమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

2004లో ఆయన ఏకంగా దేశాధ్యక్ష పదవికి పోటీ చేశాడు. "మన ఎన్టీఆర్ లెక్క" అంది అత్తమ్మ. కాకపోతే ఎన్టీఆర్ గెలిచాడు, ఈయన దాదాపు పదకొండు లక్షల ఓట్ల తేడాతో గ్లోరియా అరోయో మీద ఓడిపోయాడు. ఆ లెక్కింపులో మోసం జరిగిందని వాళ్ళ వాళ్ళు ఇప్పటికీ అంటారు. అదే ఏడాది డిసెంబర్ 14న చనిపోయాడు. ఆరోజు వాళ్ళమ్మ గ్యాస్ కట్టేసి వీధిలోకి వెళ్ళి ఏడ్చిందని ఆతే చెప్పింది. 2006లో అరోయో ప్రభుత్వమే ఆయనకి జాతీయ కళాకారుడి బిరుదు ప్రకటిస్తే కుటుంబం పుచ్చుకోలేదు. వేరే అధ్యక్షుడు వచ్చాక 2012లో తీసుకున్నారు. ఆ పట్టుదల నాకు నచ్చింది. ఆయన పెంచుకున్న కూతురు గ్రేస్ పో, పసికందుగా చర్చిలో దొరికిన పిల్ల, 2013లో సెనేటర్ అయింది.

ఇదంతా విన్నాక మా అమ్మాయి అడిగింది, "ఆతే వాళ్ళకి కింగ్ ఉన్నాడు. ఫైటింగ్‌లో మనకెవరున్నారు?"

నేను చిరంజీవి అనబోయాను. నోరు తెరిచేలోపే అత్తమ్మ అనేసింది.

"మనకు రాములమ్మ ఉంది గదా!"

నేను అత్తమ్మ వైపు అలాగే చూస్తుండిపోయాను. రెండు వారాలుగా ఆడపిల్ల కాలెత్తి తన్నడమేంటని అన్నం ముందు కూడా గొడవపడిన మనిషి ఈమేనా అని. తను ఏమన్నదో తనకే తట్టలేదు. అప్పటికే ఆతేకి వివరించడం మొదలుపెట్టింది, తెలుగులోనే.

'ఒసేయ్ రాములమ్మా' 1997లో వచ్చింది. దాసరి నారాయణరావు తీశారు. దొర చేతిలో నాశనమైన దళిత పిల్ల, అడవిబాట పట్టి తుపాకీ ఎత్తి తిరిగొచ్చే కథ. "మేం కైకిలికి పొయ్యొచ్చి, తానాలు జేసి, ట్రాక్టరు మీద జనగామకు పోయినం. ఇరవై మందిమి, అందరం ఆడోళ్ళమే. టాకీసుల కూసునే జాగ లేదు, కిందనే కూసున్నం. ఆమె దొర మీదికి లేసినప్పుడు నేను గూడ లేసి నిలవడ్డ. ఎనుకోళ్ళు కూసో కూసో అని ఒర్రిన్రు." నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్తుంటే ఆతే నోరు తెరిచి వింటోంది. రాత్రి మావారిని అడిగితే ఆయనకీ ఆ రోజు గుర్తుంది. పదేళ్ళ పిల్లాణ్ణి నాయనమ్మ దగ్గర వదిలేసి పోయిందని ఇప్పటికీ చిన్న కోపం.

ఆ రాత్రి నేను కూర్చుని మా అమ్మాయి కోసం విజయశాంతి సినిమాల జాబితా రాయబోయాను. రాస్తూ రాస్తూ నాకే చాలా సంగతులు కొత్తగా కనిపించాయి. అందుకే ఈ ఉత్తరం లాంటి కాలమ్.

ఆమె పేరులోనే సగం కథ ఉంది. అసలు పేరు శాంతి. ముందున్న 'విజయ' వాళ్ళ పిన్ని విజయలలిత పేరులోంచి వచ్చింది. విజయలలిత ఎవరో మన వయసువాళ్ళలో చాలామందికి తెలియదు, తెలిసినా క్లబ్ డాన్సుల నటిగానే తెలుసు. కానీ 1970లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'రౌడీ రాణి'లో హీరో ఆమే. ప్యాంటు, టోపీ, గుర్రం, తుపాకీ. తన వాళ్ళని చంపినవాళ్ళని వరసగా వెతికి పట్టుకునే కథ. కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది 1971లో. దాన్ని తీసిందీ కె.ఎస్.ఆర్. దాసే. అంటే మన తెరమీద కౌబాయ్ కంటే ముందు ఒక ఆడమనిషి ఆ గుర్రం ఎక్కింది. మనకి గుర్తున్నది మాత్రం కౌబాయే.

విజయశాంతి 1980లో ఒక తమిళ సినిమాతో మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ళ పిల్ల. అదే ఏడాది తెలుగులో 'కిలాడి కృష్ణుడు', కృష్ణ పక్కన. దానికి దర్శకురాలు విజయనిర్మల. తర్వాత మూడేళ్ళు మామూలు హీరోయిన్ వేషాలే, పాటకి రావడం, ఏడవడం, పెళ్ళిలో ముగియడం. 1983లో టి. కృష్ణ 'నేటి భారతం'తో దారి మారింది. 1985లో 'ప్రతిఘటన'.

'ప్రతిఘటన' నేను మొదటిసారి టీవీలో చూశాను. పరకాలలో మా ఇంట్లో, అప్పుడు నాకు పదకొండేళ్ళు ఉంటాయేమో. ఝాన్సీ అనే లెక్చరర్. కాళి అనే రౌడీ మీద సాక్ష్యం చెప్పడానికి ముందుకొస్తుంది. వాడు ఆమెని నడివీధిలో వివస్త్రని చేస్తాడు. జనం చూస్తూ నిలబడతారు. ఆ సీను వచ్చినప్పుడు మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. టీవీ కట్టెయ్యలేదు, నన్ను రమ్మనలేదు. అది మా అమ్మ పొరపాటో, కావాలనే చేసిందో ఇప్పటికీ అడగలేదు. తర్వాత క్లాసులో బోర్డు మీద విద్యార్థులు వేసిన వెకిలి బొమ్మ, ఆమె దాని ముందు నిలబడి పాడే పాట, వేటూరి రాసింది, జానకి పాడింది. అక్కడ ఆమె ఎవర్నీ కొట్టదు. క్లాసు మొత్తం తల దించుకుంటుంది. చివర్లో అదే కాళికి సన్మానం జరుగుతుంటే సభలో గొడ్డలితో నరుకుతుంది. ఆ పాత్రకి ఆమెకి నంది వచ్చింది. టి. కృష్ణ ఆ తర్వాత ఏడాదే, 1986లో, చిన్న వయసులోనే పోయారు. ఇప్పటి యాక్షన్ హీరో గోపీచంద్ ఆయన కొడుకే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, ఇంతవరకు ఈ కాలమ్‌లో రాయలేదు. హనుమకొండలో బీఎస్సీ చదివేటప్పుడు పరకాల నుంచి రోజూ బస్సు. రెండో సంవత్సరంలో ఒక రోజు, కిక్కిరిసిన బస్సులో, వెనకనుంచి ఒక చెయ్యి. చేతిలో ప్రాక్టికల్ రికార్డు, కాళ్ళు కదలడానికి చోటు లేదు. అరవాలనుకున్నాను. గొంతు రాలేదు. అంత బాగా తెలిసిన సినిమా, ఆ పాట మొత్తం కంఠతా వచ్చు, అయినా గొంతు రాలేదు. ఒక స్టాపు ముందే దిగి నడిచి వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు, చెప్తే కాలేజీ మానిపిస్తారని భయం. కాగితం మీద తైక్వాండో అని చూడగానే నేను ఆలోచించకుండా సరే అన్నది అందుకే. అత్తమ్మకి ఆ కారణం చెప్పలేక రెండు వారాలు "ఎక్సర్‌సైజ్ అత్తమ్మా" అంటూ తిప్పాను.

సరే, 'కర్తవ్యం'. 1990. పోలీసు అధికారి వైజయంతి. దేశంలో మొదటి మహిళా ఐపీఎస్ కిరణ్ బేడీ స్ఫూర్తితో రాసిన పాత్ర. ఎ. మోహన్ గాంధీ దర్శకుడు, రాసింది పరుచూరి సోదరులు. నిర్మాత ఎ.ఎం. రత్నం ఎవరనుకున్నారు? అంతకు ముందు విజయశాంతికి మేకప్ వేసిన మనిషి. ఆమె ముఖం రోజూ దగ్గరనుంచి చూసినవాడికి ఆ ముఖానికి ఖాకీ టోపీ బాగుంటుందని తట్టింది. ఆ సినిమాకి ఆమెకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అంతకు ముందు తెలుగు సినిమాకి ఆ అవార్డు తెచ్చిన శారద 'నిమజ్జనం', అర్చన 'దాసి' ఎలాంటి సినిమాలో మీకు తెలుసు, నలిగిపోయే ఆడవాళ్ళ కథలు. ఫైట్లున్న కమర్షియల్ సినిమాకి, లాఠీ పట్టుకున్న పాత్రకి ఇవ్వడం చిన్న విషయం కాదు. తమిళంలోకి 'వైజయంతి ఐపీఎస్'గా వెళ్ళింది, హిందీలో 1994లో 'తేజస్విని'గా ఆమెతోనే తీశారు. ఇక్కడ నాకు తెలిసిన తమిళ ఆంటీలు కొందరికి ఆవిడ తెలుగామె అని తెలియదు, మా వైజయంతి అంటారు. నేను దిద్దుతాను.

ఇంకో విషయం, ఇది తెలిసినప్పుడు నేను కాసేపు డీలా పడ్డాను. అప్పట్లో చాలా సినిమాల్లో ఆమెకి గొంతు ఇచ్చింది సరిత. 'మరో చరిత్ర' సరితే. మనం విన్న ఆ గర్జనల్లో ఎన్నో ఇంకో ఆడమనిషివి. మోసపోయినట్టు అనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఒక చెయ్యి ఒకరిది, ఒక గొంతు ఒకరిది, పేరు పిన్నిది. చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఎదురుగా ఎవరూ లేకుండా అంత కోపం తెచ్చుకోవడం కూడా తక్కువ పనేం కాదు.

"నిజంగా కొడతారా అమ్మా?" అని మా అమ్మాయి ప్రశ్న. కొట్టరు. కెమెరాని పక్క కోణంలో పెడతారు. పిడికిలి ముఖానికి జానెడు దూరంలోంచి పోతుంది, దెబ్బ తిన్నవాడు సరిగ్గా ఆ క్షణంలో తల తిప్పాలి. చప్పుడు తర్వాత కలుపుతారు. పైనుంచి దూకేచోట అట్టపెట్టెలో, పరుపులో పేరుస్తారు. ఎందుకో చెప్పమంటే నా బీఎస్సీ బయటికొచ్చింది. పడుతున్న మనిషి ఎంత వేగంతో ఉన్నా ఆగక తప్పదు, నేల మీద పడితే క్షణంలో వెయ్యోవంతులో ఆగిపోతుంది, అట్టపెట్టెలు నలుగుతూ ఆ ఆగే సమయాన్ని సాగదీస్తాయి. సమయం పదింతలైతే దెబ్బ పదోవంతే. గుడ్డు నేలమీద పడితే పగిలి, పరుపు మీద పడితే పగలకపోవడం అదే. (మేం గుడ్డుతో చేసి చూశాం. పరుపు మీద కూడా పగిలింది. మా ఇంటి పరుపు గట్టిది.) ఇంత ఏర్పాటు ఉన్నా తగిలే దెబ్బలు తగులుతూనే ఉంటాయి. అప్పట్లో తాళ్ళని కంప్యూటర్లో చెరిపేసే సౌకర్యం కూడా లేదు. చాలా ఫైట్లు డూప్ లేకుండా చేశానని విజయశాంతి ఇంటర్వ్యూల్లో చెప్పింది.

అయితే నాకు మంటగా ఉన్న సంగతి కూడా రాయాలి. 'కర్తవ్యం' వచ్చిన రెండేళ్ళకి, 1992లో, రజనీకాంత్‌తో 'మన్నన్'. ఇక్కడి వసంతం ఛానెల్లో ఒకసారి చూశాను. పెద్ద కంపెనీ నడిపే పొగరుబోతు ఆడదిగా ఆమె. హీరో పెళ్ళి చేసుకుని, పొగరు దించి, చివరికి కుర్చీలోంచి లేపి ఇంట్లో కూర్చోబెడతాడు. అందరూ చప్పట్లు. మన 'ఘరానా మొగుడు' కథ కూడా అదే, అందులో నగ్మా. నేనూ ఇల్లాలినే. మావారి ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి, పిల్ల చిన్నదని, తర్వాత పర్మిట్ గొడవలని, పదేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను. ఇంట్లో ఉండటం ఓటమి అని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ ఆ సినిమాలో వంటిల్లు ఆమెకి వేసిన శిక్ష. అన్నం వడ్డించడం శిక్షగా చూపించే సినిమా చూసి మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి నవ్వుకున్నాం చూడండి, అది నాకు మింగుడుపడదు. నిన్నటి వైజయంతితోనే ఆ పని చేయించడం ఇంకా.

ఆ తర్వాత ఆమె తన పేరుమీదే సినిమాలు ఆడించింది. 'పోలీస్ లాకప్', 'స్ట్రీట్ ఫైటర్', 'లేడీ బాస్', వాటిలో కొన్ని ఇప్పుడు చూడలేం, ఒప్పుకుంటాను. 'ఒసేయ్ రాములమ్మా' దగ్గర మళ్ళీ శిఖరం, మళ్ళీ నంది. పత్రికలవాళ్ళు ఆమెని ఇప్పటికీ రాములమ్మ అనే రాస్తారు. రాజకీయాల్లోకి 1998లోనే వెళ్ళింది. బీజేపీ, తర్వాత తల్లి తెలంగాణ అని సొంత పార్టీ, దాన్ని టీఆర్ఎస్‌లో కలపడం, 2009లో మెదక్ ఎంపీ, ఆపై కాంగ్రెస్, మళ్ళీ బీజేపీ, మళ్ళీ కాంగ్రెస్, 2025లో ఎమ్మెల్సీ. మావారు ఈ వరస చదివి "ఎంఆర్‌టీ లైన్లు మారినట్టుందే" అన్నారు. అత్తమ్మకి ఆ మాట నచ్చలేదు. "గామె పైసల్ దినలే గద" అని వాదించింది. నేను మధ్యలోకి వెళ్ళలేదు.

ఇక్కడ సింగపూర్‌కీ ఒక రాములమ్మ ఉంది, తెలుసా? ఆతేకీ తెలియదు, నేనే చెప్పాను. 1978లో 'దే కాల్ హర్ క్లియోపాత్రా వాంగ్' అనే సినిమా వచ్చింది. తీసినాయన ఫిలిప్పీన్స్ దర్శకుడు బాబీ సువారెజ్, హీరో పాత్ర సింగపూర్ అమ్మాయిది. డోరిస్ యంగ్ ఆమె అసలు పేరు. బ్రూస్ లీ గుర్తొచ్చేలా మారీ లీ అని పెట్టారు. దొంగనోట్ల ముఠాని పట్టుకునే ఇంటర్‌పోల్ ఏజెంటు, నన్ వేషంలో తుపాకీ పట్టుకుని దిగుతుంది. ఆ పాత్రతో వచ్చిన సినిమాలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని, అంతే, అక్కడితో ఆగింది. మా యీషున్‌లో 1992లో పది తెరల సినిమా హాలు కట్టినప్పుడు పెద్ద వింత అని చెప్పుకున్నారట, యీషున్ టెన్ అని. పది తెరలున్నా అలాంటి అమ్మాయి కథ మళ్ళీ ఒక్క తెరకీ దొరకలేదు కాబోలు. మన దగ్గరా అంతే. పిన్ని తర్వాత పదిహేనేళ్ళకి కూతురు వరస పిల్ల వచ్చింది. ఆ పిల్ల తర్వాత? అనుష్క 'రుద్రమదేవి', 'అరుంధతి' అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఏడాదికి మూడు సినిమాలు, సి సెంటర్లో టికెట్లు తెగేలా, రాణి కాని మామూలు ఆడమనిషి పాత్రలో? నాకు తట్టలేదు. మీకు తడితే రాయండి.

పదమూడేళ్ళ విరామం తర్వాత 2020లో 'సరిలేరు నీకెవ్వరు'లో ఆమె వచ్చింది, మహేష్ బాబుకి పెద్దదిక్కు లాంటి పాత్ర. ఆ మహేషే 1989లో 'కొడుకు దిద్దిన కాపురం'లో ఆమెతో చిన్నపిల్లాడిగా చేశాడు. 2025లో 'అర్జున్ సన్నాఫ్ వైజయంతి'. పేరు చూసి ఎగిరి గంతేశాను, వైజయంతి మళ్ళీ ఖాకీలో! ఓటీటీలో అత్తమ్మా నేనూ కలిసి చూశాం. ఎక్కువ ఫైట్లు కొడుకువే. అత్తమ్మ సగంలో లేచి బట్టలు మడతపెట్టుకుంది.

సోమవారం పొద్దున అత్తమ్మ ఉప్మా కలుపుతూ, నా వైపు చూడకుండా అడిగింది. "గా క్లాసుకు ఏ బట్టలు ఏస్తరు?" తెల్ల ప్యాంటూ చొక్కా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. బుధవారం ఆ బట్టలు వచ్చాయి, ప్యాంటు మా అమ్మాయికి జానెడు పొడుగు. మధ్యాహ్నానికి మడిచి కుట్టేసింది, చేతికుట్టు, మిషన్ కంటే సన్నగా. ఆ రాత్రి వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు బస్సు సంగతి చెప్పాను. అంట్లు తోముతూ విన్నది. "అప్పుడే జెప్పకపోతివి" అంది. చెప్పడానికి అప్పుడు నేను ఆవిడ కోడల్ని కాదు, ఆవిడ నాకు తెలియదు. ఆ మాట అనలేదు. ఇద్దరం గిన్నెలు సర్దాం.

శనివారం మొదటి క్లాసు. అత్తమ్మ చీర మీద స్వెటర్ వేసుకుని, ఏసీకి భయపడి, సకినాల డబ్బాతో వెనక బెంచీ మీద కూర్చుంది. ఇరవై మంది పిల్లలు, అందులో అమ్మాయిలు ఏడుగురు. తన్నడం ఇంకా లేదు. ముందు నిలబడటం, తర్వాత అరవడం. దెబ్బ వేసేటప్పుడు కడుపులోంచి ఒక అరుపు రావాలట, ఊపిరి ఒక్కసారిగా బయటికి పోతే పొట్ట కండరాలు బిగుస్తాయి. ఒక్కొక్కరినీ అరవమన్నారు మాస్టారు. చైనీస్ పిల్లలు, మలయ్ పిల్లలు గోడలదిరేలా అరిచారు. మా అమ్మాయి వంతు వచ్చింది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. పిల్లి కూన కూసినంత.

నా చేతులు చల్లబడ్డాయి.

"ఒర్రు బిడ్డా!" అని వెనకనుంచి వచ్చింది. "గట్టిగ ఒర్రు!"

హాలంతా తిరిగి చూసింది. అత్తమ్మ లేచి నిలబడి ఉంది. ఒళ్ళోని సకినాల డబ్బా కిందపడి మూత దొర్లుకుంటూ మ్యాట్ దాకా పోయింది. మా అమ్మాయి నాయనమ్మని చూసింది, కళ్ళు గట్టిగా మూసుకుంది, అరిచింది. ఈసారి మాస్టారు ఒక అడుగు వెనక్కి వేసినట్టు నటించారు.

క్లాసు అయ్యాక ఆయన మూత తెచ్చిచ్చి, మీ అమ్మ ఏమన్నారు అని నన్నడిగారు. చెప్పాను. అత్తమ్మ ఆయన చేతిలో నాలుగు సకినాలు పెట్టింది.